పదమూడో ఫారం

గోనె సంచులన్నీ విప్పి నేల మీద పరిచాక బయటపడింది: మూడు వందల పుస్తకాలకూ పన్నెండేసి ఫారాలే ఉన్నాయి, కథ తేలే పదమూడో ఫారం ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు.

పర్వతాలు గది నాలుగు మూలలూ మళ్ళీ చూశాడు. మంచం ఎత్తాడు. గొంగళ్ళు దులిపాడు. నల్లగొండ ప్రెస్సు నుంచి బస్సు టాపు మీద వచ్చిన పదమూడు కట్టలనూ తన చేతులతోనే దించుకొని, ఈ గోడవారనే పేర్చాడు. కట్టకొక ఫారం, ఫారానికి పదహారు పేజీలు. ఆఖరి కట్ట ఉండాల్సిన చోట, దుమ్ములో నలుచదరపు జాగా ఒకటి శుభ్రంగా మిగిలింది.

"ఎలుకలు గిట్ట కొంచవోయినయేమో," అన్నది సత్తమ్మ.

"మూడు వందల ఫారాలు మోసే ఎలుక ఏ ఊర్లున్నదే?"

"నా మీద లేవకు. దబ్బనం నా చేతిలున్నది."

గొంగళ్ళు కుట్టే ఆ దబ్బనంతోనే ఆమె మొగుడి పుస్తకాలు కుట్టాలి. పన్నెండు ఫారాలూ వరుసగా కూర్చడం నిన్నటికి అయిపోయింది. ఈ పూట పదమూడోది వేసి కుట్టి, అట్టలు అంటించి, రాళ్ళ బరువు కింద ఆరబెడితే, రేపటి దేవరకొండ అంగడికి నూరు పుస్తకాలైనా అందుతాయి. అందకపోతే ఆ ఊళ్ళో పర్వతాలు తలెత్తుకొని తిరగలేడు.

పన్నెండు వారాలుగా అంగడి నాడల్లా అతను తన నవల చదివి వినిపిస్తున్నాడు. తాలూకా కచ్చేరి ముందు దరఖాస్తులు రాసే బల్లే అతని వేదిక. నందికొండ ఆనకట్ట కింద భూములు పోయినవాళ్ళకు పొద్దున అర్జీలు రాసి, మధ్యాహ్నం అదే బల్ల ఎక్కి 'గుట్టమీది తోవ' వారానికో ప్రకరణం చదివేవాడు. డప్పు చాటింపు వేసే పోచయ్య పిలిస్తే, గొర్రెల బేరం సగంలో వదిలేసి మరీ వచ్చేవాళ్ళు జనం. గుట్టలో దాగిన మనిషి జాడ పోలీసులకు చెప్పిందెవరు? అది మాత్రం పదమూడో ప్రకరణంలో. ఆ ప్రకరణం చదివేది రేపు, పుస్తకాలు అమ్మేదీ రేపే.

హైదరాబాదు ప్రచురణకర్త ఒకడు ఈ నవల తానే వేస్తానన్నాడు. ఒక్కటే షరతు, పాత్రల మాటలు మంచి తెలుగులోకి మార్చాలి. గొర్ల కాపరి గొర్ల కాపరిలాగే మాట్లాడతాడని చెప్పి, పర్వతాలు రాతప్రతిని చంకన పెట్టుకొని బస్సెక్కాడు. తానే అచ్చు వేయించుకున్నాడు. ఇప్పుడా రాతప్రతి కూడా లేదు. ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాళ్ళు కాగితాలు పంచుకొని పని అయ్యాక పారేశారు. సీసపు అక్షరాలు విడగొట్టి పెళ్ళి పత్రికలకు వాడేశారు.

పొయ్యి దగ్గర అత్త గుర్వమ్మ, మైలుతుత్తం కలిపిన మైదాపిండి ఉడకబెడుతున్నది. అట్టలకు పురుగు పట్టకుండా ఆ నీలిరాయి వేయమన్నది ఆమే.

"పిండి గట్టిపడుతాంది. అట్టలు తెస్తరా తేరా?"

"ఆఖరు కట్ట పోయింది అత్తా."

గుర్వమ్మ గరిటె ఆపలేదు. "పోతే పోనీ. నోటితోని చెప్పు. నా తమ్ముణ్ణి ఎవడు పట్టిచ్చిండో ఇంత రాసినోనివి, నోటికి రాదా?"

నవలలో పేర్లన్నీ మార్చాడు గాని, గుట్టలో చచ్చిపోయినవాడు నిజంగా ఆమె తమ్ముడే. భిక్షం. పదహారేళ్ళ కింద, సాయుధ పోరాటం నడిచిన గడబిడ రోజుల్లో. పుస్తకంలో సగం కథ ఆమె చెప్పగా రాసుకున్నదే. పట్టిచ్చినవాడెవడో మాత్రం ఆమెకూ తెలియదు. అది పర్వతాలు కల్పించుకున్నాడు.

"రేపు అంగడిల అందరితోపాటు విందువులే అత్తా."

"పన్నెండు వారాలు బండరాయి మీద కూసోని విన్న. ఇయ్యాల కట్ట పోయిందంటున్నవ్. రాయ చాతగాక గిట్ల అంటున్నవేమోనని నాకు అనుమానం."

వాకిట్లో మామ బీరప్ప ఉన్ని వడుకుతున్నాడు. కదురు గిర్రున తిరుగుతున్నది. ఇంత గొడవలోనూ అతను తల తిప్పలేదు.

"మామా, నువ్వన్న చెప్పు. నిన్న ఇంటికి ఎవలొచ్చిన్రు?"

"మారయ్య వచ్చిండు," అన్నాడు బీరప్ప. "పొట్టేలు బేరానికి."

ఆ మాట వినగానే పర్వతాలు చొక్కా తొడుక్కున్నాడు.

మారయ్య ఊరి పటేలు మనిషి. ఎనిమిదో వారం నుంచి నవల చదివే రోజు తెలుపుతూ అంగడి గోడల మీద పర్వతాలు అంటించిన గులాబీ కాగితాలను చింపుతున్నది అతనే. పట్టిచ్చింది పటేలేనని అంగడి అంతా గుసగుసలాడుతున్నదని పటేలుకు మంట.

"ఒక్కనివే పోకు," అన్నది సత్తమ్మ.

"ఇల్లుటం అల్లుడు, దరఖాస్తులు రాసేటోడు, వీని పుస్తకం ఎత్తుకపోతే ఏంజేస్తడు అనుకున్నరు. ఏంజేస్తనో చూస్తరు."

కచ్చేరి ముందు చాయ హోటల్లో మారయ్య సాసర్లో చాయ ఊదుకుంటున్నాడు. పర్వతాలు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"నా కట్ట ఎక్కడ పెట్టినవ్?"

"ఏం కట్ట?"

"పదమూడో ఫారం. కథ తేలేది."

మారయ్య సాసరు కింద పెట్టాడు. అతని మొహంలో ఆశ్చర్యం కంటే ముందు భయం కనిపించింది. "పోయిందా? రేపు లేదా మరి?"

"నాటకాలు ఆడకు."

"నాటకం నీది, చూసుడు మాది. ఇగో." మారయ్య అంగీ జేబులోంచి మడిచిన నోట్లు తీసి చూపించాడు. "రెండు పుస్తకాలు కొనుక్కరమ్మని మా పటేలే ఇచ్చిండు. ఎవని పేరు రాసినవో చూస్కోవాల్నట. మూడు వారాల నుంచి ఆయనకు అన్నం సయిస్తలేదు."

"గోడల మీది కాగితాలు చింపినోనివి, పుస్తకం చింపవా?"

"కాగితం చింపితే ఎవలకు తెలుస్తది? ఆఖరు ముచ్చట మాయమైతే ఊరంతా ఏమంటది? పటేలే ఎత్తుకపోయిండంటది. జర ఆలోచించు. ఆ ఫారం బయటికొస్తేనే మా పటేలుకు బతుకు."

తిట్టడానికి వచ్చినవాడి మాట న్యాయంగా ఉంటే ఎటూ పాలుపోదు.

మారయ్య చాయ ముగించి, మూతి తుడుచుకొని, మెల్లగా అడిగాడు. "గది సరే. ఆఖరుది ఇప్పటికి ఎంతమంది విన్నరు?"

"ఎవలు వినలె. మా ఇంటామెకు గూడ చెప్పలె."

"ఒక్కలు గూడ?"

పర్వతాలు లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

ఒక్కరు విన్నారు. బేస్తవారం మధ్యాహ్నం, దొడ్డి నీడలో బీరప్ప గొర్రెల ఉన్ని కత్తిరిస్తుంటే. "అంగడి నాడు నేను మందతోని పోవాలె అల్లుడా, ఆఖరుది జర నాకు ముందుగాల చదివి చెప్పు" అన్నాడు మామ. పన్నెండు వారాలూ ముందు వరసలో కూర్చొని విన్న మామ. పర్వతాలు పొంగిపోయి, పదహారు పేజీలూ చదివాడు. అంతా అయ్యాక బీరప్ప కత్తెర ఆపి, "మంచిగనే రాసినవ్" అని ఒక్క మాట అని, ఇంకో గొర్రెను పట్టుకున్నాడు.

"ఎవలు?" అన్నాడు మారయ్య.

"ఎవలు లేరు," అన్నాడు పర్వతాలు. చాయ తాగకుండానే లేచి వచ్చాడు.

దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. మామ ఎందుకు దాస్తాడు? చదువు రాని మనిషి. బిడ్డను ఇచ్చి, ఇంట్లో జాగా ఇచ్చి, రాసుకోవడానికి దీపపు చమురుకు కూడా వెనుకాడని మనిషి. హైదరాబాదు నుంచి తిరిగి వచ్చిన నాడు ఊరు నవ్వితే, "వాని మాట వాడు అమ్ముకోలె, మీకేం నష్టం" అని ఎదురు నిలిచింది బీరప్ప ఒక్కడే.

ఇంటికి వచ్చేసరికి సత్తమ్మ దొడ్డి తడక దగ్గర ఒక మేక దవడ పట్టుకొని పెనుగులాడుతున్నది. మేక నోట్లో తెల్లగా ఏదో ఆడుతున్నది.

"పట్టు, పట్టు. దీని కొమ్ములు పట్టు."

పర్వతాలు కొమ్ములు పట్టాడు. సత్తమ్మ దవడలో వేలు పెట్టి లాగితే, సగం నమిలిన కాగితం బయటికి వచ్చింది. మీద అచ్చు అక్షరాలు. పేజీ అంకె నూట తొంభై తొమ్మిది.

పదమూడో ఫారం.

"దొడ్లకెట్ల వచ్చింది?" అన్నది సత్తమ్మ. ఆమె నాలుగో తరగతి దాకా చదివింది. ఎంగిలి కాగితాన్ని తొడ మీద పరిచి, వేలు పెట్టి ఒక్కో మాటే కూడబలుక్కున్నది.

"గుట్ట దిగుతున్న మందలో ప్రతి జీవానికీ ఎడమ చెవి కింది అంచున రెండు గాట్లు, కుడి చెవి కొనకు చీలిక. ఆ చెవులు చూసి ఊరికి అర్థమైంది, తోవ చూపింది ఎవరో."

వేలు అక్కడే ఆగింది.

మేక వచ్చి కాగితం అంచు అందుకోబోతే, చూడకుండానే దాని మూతి తోసేసింది.

"ఈ గుర్తు నీకెవలు చెప్పిన్రు?"

"ఎవలు చెప్పలె. మన పెండ్లయిన ఏడాది మందల ఒక ముసలి గొర్రె ఉండె గదా. దాని చెవులు చూసి రాసిన. మంచిగ అనిపించింది."

"అది ఎక్కడిదని అడుగలేదా?"

"మామను అడిగిన. పరాయి ఊరి అంగడిల కొన్నదన్నడు."

"కొన్నది గాదు. మా అమ్మ అమ్మనియ్యక ఉంచుకున్న పాత గొర్రె." సత్తమ్మ గొంతు తగ్గింది. "అది మా ఇంటి గుర్తు. మా తాత గుర్తు. నాకు పన్నెండేండ్లున్నప్పుడు నాయిన ఆ మందంత అమ్మి, కొత్త గొర్లు తెచ్చి, కొత్త కోత పెట్టిండు. ఎందుకని అడిగితే, ఆ కోత అచ్చిరాలేదన్నడు."

పర్వతాలు ఆమె తొడ మీది కాగితాన్ని మళ్ళీ చదివాడు.

పేరు మార్చవచ్చు, ఊరు మార్చవచ్చు. చెవి కోత మార్చాలని అతనికి తోచలేదు. ఈ మెట్ట ప్రాంతంలో మంద తప్పిపోయినా, దొంగ బేరం జరిగినా, చెవి మడిచి చూసి ఇది ఫలానా ఇంటిదని చెప్పేస్తారు. తండ్రి కోత కొడుక్కు వస్తుంది. ఇంకో ఇల్లు దాన్ని పెట్టదు. గొర్లు కాసే కులంలో పుట్టీ అతనికి ఆ ఎరుక లేదు. అతని తండ్రి మంద అమ్ముకొని ఆలేరు రైలు స్టేషన్లో మూటలు మోసిన మనిషి. చెవి కోత పర్వతాలుకు కథలో ఒక వర్ణన. రేపు బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళలో సగంమందికి అది బీరప్ప పేరు.

"నేనేమెరుగనే సత్తమ్మ. నీ ఒట్టు. మీ నాయిన మీద నేను రాయలె."

"నువ్వెరుగవ్. నాకు తెల్సు."

"ఫికర్ చెయ్యకు. ఒక్క వాక్యమే గదా. మూడు వందల ఫారాల్ల సిరా పూస్త. లేకుంటే మీద కాగితం ముక్క అంటిస్త. చెవులుండవు, అంతే. నవలకు ఏం పోదు."

సత్తమ్మ తల ఎత్తి అతన్ని చూసింది. ఆ చూపు అతనికి కొత్త.

"హైదరాబాదుల ఆయన ఏమడిగిండు నిన్ను?"

"ఇది వేరు."

"మాటలు మార్చమన్నడు. మార్చనని వచ్చినవ్. నేను గా నాడు నిన్ను ఒక్క మాటన్ననా? ఏడాది చీర కొనకుంటె అడిగిన్నా? ఇయ్యాల మా ఇంటి దాకా వచ్చేసరికి సిరా పూస్తనంటున్నవ్."

"మీ నాయిన పరువు సత్తమ్మా."

"నువ్వు తప్పు రాసి ఉంటే మా నాయిన ఏంజేస్తుండె? నీ మీద లేస్తుండె. నా గుర్తు దొంగకు పెడుతవా అని నాలుగు తిడుతుండె. నువ్వు చెరిపేస్తుంటివి, అయిపోవు." ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "తిట్టలె. దాచిండు. ఎందుకు దాచిండో నువ్వు చెప్పు."

ఆమెకు జవాబు అక్కర్లేదు.

అప్పుడే తడక అవతల గడ్డివాము దగ్గర చప్పుడైంది. బీరప్ప గడ్డి పక్కకు తోసి, ప్రెస్సు గోనె కట్టను భుజానికెత్తుకొని లేచాడు. వీళ్ళ మాటలు ఎంతసేపటి నుంచి విన్నాడో. తడక తీసి లోపలికి వచ్చి, కట్టను సత్తమ్మ కాళ్ళ ముందు దించాడు. ఒక మూల చినిగి ఉన్నది.

"పైది ఒకటి మేక తిన్నది. కడమవి మంచిగనే ఉన్నయి," అన్నాడు. "కాలవెడ్దమని రెండుసార్లు పొయ్యి కాడికి కొంచవోయిన. నా బిడ్డ కుట్టే కాయిదం. చెయ్యి రాలె."

"మామా, నేను ఆ చెవుల ముచ్చట తెల్వక..."

"తెల్సి రాసినవనే అనుకున్న. బేస్తవారం నాడు నువ్వు చదువుతుంటే నా కండ్లల్లకు చూస్కుంట చదివినవ్. అంతా తెల్సి, ఇంటి మనిషివని మొదలు నాకు వినిపించినవ్ అనుకున్న."

"నీ కండ్లల్ల ఎందుకు చూసిన్నంటే, నువ్వు బాగుందంటవని చూసిన మామా."

బీరప్ప నవ్వినట్టు మొహం పెట్టాడు. నవ్వు రాలేదు.

"రేపు అంగడిల చదువుడు ఆగది నాయినా," అన్నది సత్తమ్మ. "చెవులు తీసేసి గూడ చదువనియ్య. పన్నెండు వారాలు మా అమ్మ రాయి మీద కూసున్నది."

"ఆపమని నేనెప్పుడన్న? కుట్టుండ్రి." అతను నేల మీద గొంతుకూర్చున్నాడు. "గని ముందుగాల మీ అమ్మను పిలువు. నలుగురి నడుమ బండ మీద కూసోని వినొద్దు ఆమె."

పిలవాల్సిన పని పడలేదు. పిండి గిన్నె పట్టుకొని గుర్వమ్మ అప్పటికే వాకిట్లోంచి వస్తున్నది. కట్టను చూసింది. మొగుణ్ణి చూసింది. బిడ్డ మొహం చూసి గిన్నె కింద పెట్టింది.

"దొరికిందా? ఎవడు ఎత్తుకపోయిండు?"

"కూసో గుర్వమ్మ."

"నిలవడే వింట. చెప్పు."

బీరప్ప ఆమె మొహంలోకే చూస్తూ మొదలుపెట్టాడు.

"గడబిడ దినాలల్ల నీ తమ్మునికి బువ్వ కొంచవోయింది ఎవలు? నేనే గదా. గొంగట్ల సద్ది గట్టుకొని, మంద ఎంబటి గుట్టెక్కుతుంటి. గొర్ల కాపరిని ఎవలు అనుమానపడుతరు. నెల దినాలు గట్లనే నడిచింది. నీకు తెల్సింది గంతే. తర్వాతది నీకు తెల్వది."

"చెప్పు," అన్నది గుర్వమ్మ.

"ఒకనాడు పోలీసోళ్ళు నా మందను తోలుకపోయి బందెలదొడ్ల పెట్టిన్రు. రోగం చూపియ్య తీస్కపోయిన్నని నీకు అబద్ధం చెప్పిన. నూటిరవై జీవాలు. ఎండకాలం. నీళ్ళు పొయ్యనియ్యలె. మొదటి దినం నేను నోరు తెరువలె. రెండో దినం తెరువలె. మూడో దినం పిల్లలు తల్లుల కింద పడి సస్తున్నయి. నేను తడక బయట నిలవడితే, నా వాసన పట్టి అన్ని ఒక్కపారి ఒర్లినయి. నన్ను ఎవలు కొట్టలె గుర్వమ్మ. కొట్టిన్రని చెప్పుకుంటే నాకు నయముండు. నాకు ఎవలు ఏం ఇయ్యలె. అల్లుడు పుస్తకంల ఎకరం భూమిచ్చిన్రని రాసిండు, అది తప్పు. ఉత్తగ అడిగిన్రు. నేను ముందల నడిచిన."

సత్తమ్మ గోడకు ఆనుకున్నది. పర్వతాలు కాళ్ళ ముందున్న కట్ట వైపు చూడలేకపోయాడు.

గుర్వమ్మ ఏడవలేదు. పదహారేళ్ళుగా అడగాలనుకున్న ఒక్క ప్రశ్న ఆమె గొంతులో సిద్ధంగా ఉన్నట్టుంది.

"వాడేమన్నడు నిన్ను చూసి?"

బీరప్ప తల వంచుకున్నాడు. మళ్ళీ ఎత్తాడు.

"ఏమనలె. పోలీసోళ్ళు నా ఎన్క బండల చాటున ఉన్నరు. వానికి నేనొక్కణ్ణే కనవడ్డ. బావ బువ్వ తెచ్చిండనుకున్నడు. లేచి నిలవడి, చేతులు కడుక్కుందామని ముంత అందుకున్నడు గుర్వమ్మ."